లతాగృహం వెనుక కత్తి: కావ్యోద్యాన వర్ణనలు, కత్తిరింపు విద్య

ప్రవేశిక

తెలుగు ప్రబంధాల్లో ఉద్యానవనానికి ఉన్న స్థానం సుపరిచితమే. మాధవీ మండపాలు, మల్లె పొదలు, మామిడిని అల్లుకున్న తీగలు, పూలు కోసే చెలికత్తెలు లేని ప్రబంధం అరుదు. ఈ వర్ణనల్లోని మొక్కల పేర్లను పట్టికలుగా కూర్చి, వాటి ఆధారంగా ఆయా కాలాల ఉద్యాన విజ్ఞానాన్ని అంచనా వేయడం సాహిత్య పరిశోధనలో అలవాటుగా వస్తున్నది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. మొక్క పేరు తెలియడం, మొక్కను పెంచే విద్య తెలియడం ఒకటి కావు. తోటపనిలో అత్యంత నైపుణ్యం కోరే పనుల్లో కొమ్మల కత్తిరింపు ఒకటి. ఏ కొమ్మను, ఏ కణుపు దగ్గర, ఏ నెలలో కోయాలో తెలిసినవాడే మాలి. ఈ పనికి శాస్త్ర గ్రంథాల్లోనూ, ధర్మశాస్త్రాల్లోనూ, కావ్యాల్లోనూ లభించిన స్థానాలు వేరు వేరు. ఆ తేడాలను చారిత్రకంగా పరిశీలించి, కావ్యోద్యానంలో కత్తి కనిపించకపోవడానికి కారణాన్ని నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

నేరంగా కత్తి, చికిత్సగా కత్తి

కొమ్మ కోయడం గురించిన ప్రాచీన ప్రస్తావనల్లో ముఖ్యమైనది కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఉంది. పురంలోని ఉపవనాల్లో పూలు, పండ్లు, నీడ ఇచ్చే చెట్ల చిగుళ్లను ఛేదిస్తే 6 పణాలు, చిన్న కొమ్మలను ఛేదిస్తే 12 పణాలు, పెద్ద కొమ్మలను ఛేదిస్తే 24 పణాలు దండన. మాను నరికితే శిక్ష మరింత పెరుగుతుంది. పూలు, పండ్లు, నీడ ఇచ్చే పొదలకూ తీగలకూ ఇందులో సగం దండన విధించాడు. యాజ్ఞవల్క్య స్మృతి కూడా ఇదే క్రమంలో కొమ్మకు, బోదెకు, మొత్తం చెట్టుకు వేరు వేరు దండనలు చెప్పి, గుల్మలతాదులకు అందులో సగం నిర్ణయించింది.

ఈ విధులను పర్యావరణ స్పృహకు నిదర్శనాలుగా పేర్కొనడం పరిపాటి. వీటిలో మరొక విషయం కూడా గమనార్హం. చిగురు, చిన్న కొమ్మ, పెద్ద కొమ్మ, బోదె అనే విభజన కత్తి పట్టే మాలి చేసుకునే విభజన కూడా. చిగురు గిల్లితే మొక్కకు జరిగేది ఒకటి, లేత కొమ్మ కోస్తే జరిగేది మరొకటి, ముదురు కొమ్మ నరికితే జరిగేది ఇంకొకటి. పొదకూ తీగకూ సగం దండన విధించడానికి వాటి విలువ తక్కువని భావించడం కారణం కావచ్చు. కోసినా అవి త్వరగా తేరుకుంటాయన్న లోకానుభవం కూడా కారణం కావచ్చు. రెండో కారణాన్ని శాస్త్రకారుడు పేర్కొనలేదు గనుక దానిని సంభావ్యతగానే స్వీకరించాలి. ఏ విధంగా చూసినా, ధర్మశాస్త్ర దృష్టిలో కొమ్మ కోత అపరాధం. పెంచడానికి చేసే కోతకు ఆ విధుల్లో ప్రత్యేక స్థానం లేదు.

వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయం (క్రీ.శ. 6వ శతాబ్దం) ఇందుకు భిన్నమైన దృష్టిని చూపుతుంది. చలి, గాలి, ఎండల వల్ల చెట్లకు రోగాలు వస్తాయనీ, ఆకు పాలిపోవడం, చిగురు ఎదగకపోవడం, కొమ్మ ఎండిపోవడం, రసం కారడం వాటి లక్షణాలనీ ఆయన చెప్పాడు. వీటికి మొదటి చికిత్స శస్త్రంతో శోధించడం. ఆ తరువాతే వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీటితో తడపాలి. కోత తరువాత గాయానికి పూత పూయడం నేటి తోటల్లోనూ ఉన్న పద్ధతే. చెట్టు దగ్గరకు వెళ్లిన ఆయుధాన్ని వరాహమిహిరుడు వైద్యుని చేతిలోని ‘శస్త్రం’గా పరిగణించాడన్నది ఇక్కడి విశేషం. అదే అధ్యాయంలో కాండం ముక్కలను నాటి పెంచదగినవాటిని చెబుతూ దానిమ్మ, అశోకం, ద్రాక్షలతో పాటు అతిముక్తాన్ని కూడా పేర్కొన్నాడు. కావ్యాల్లో మాధవీలతగా మండపాలు అల్లే తీగ ఈ అతిముక్తమే. కవికి ప్రణయ సంకేతమైన తీగ శాస్త్రకారునికి కోసి, పేడ పూసి, నాటవలసిన కాండం.

సురపాలుని వృక్షాయుర్వేదానికి (క్రీ.శ. 1000 ప్రాంతం) తెలుగు నేలతో ఒక ఆధునిక సంబంధం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రమై ఉన్న ఈ గ్రంథపు ప్రతిని ఆధారం చేసుకొని, సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో నళినీ సాధలే అనువాదంతో ప్రకటించింది. మనుషుల వలెనే చెట్లకూ వాత, పిత్త, కఫ దోషాలను అన్వయించడం, కుణపజలమనే పులియబెట్టిన ఎరువును ప్రయోగించడం ఈ గ్రంథంలోని ప్రధానాంశాలు. ఈ సంప్రదాయంలో మొక్క ఒక దేహం. దేహానికి రోగం వచ్చినప్పుడు కత్తి అవసరమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మొక్కను కూడా ఏటా కోయాలనే భావనకు ఈ వైద్య దృష్టిలో సహజంగా చోటు తక్కువ.

కావ్యోద్యాన నియమాలు

కాకతీయ ప్రతాపరుద్రుని (పాలన 1289–1323) ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం మహాకావ్య లక్షణాల్లో పదునెనిమిది వర్ణనలను చెప్పింది. ఉద్యాన క్రీడ వాటిలో ఒకటి. దండి కావ్యాదర్శం నుంచి వచ్చిన ఈ నియమం తెలుగు ప్రబంధ నిర్మాణాన్ని బలంగా ప్రభావితం చేసింది. ‘క్రీడ’ అనే మాటలోనే వర్ణనా పరిధి నిర్ణయమైపోయింది. ఉద్యానం విహార స్థలం. అక్కడ జరిగే శ్రమ వర్ణనాంశం కాదు. విద్యానాథుడే చెప్పిన ద్రాక్షాపాకం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ద్రాక్ష కావ్య మీమాంసలోకి రుచిగా, సులభంగా అందే రసానికి ఉపమానంగా ప్రవేశించింది. ఆ పండును ఇచ్చే తీగ, ఆ తీగను ఏటా కోసే చేయి ఆ ఉపమానంలోకి రాలేదు.

కావ్యోద్యానానికి ఆదర్శంగా నిలిచినది కాళిదాసు శాకుంతలం. తెలుగులో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు 15వ శతాబ్దంలో దానిని శృంగార శాకుంతలంగా ప్రబంధీకరించాడు. కాళిదాసు నాటకం మొదటి అంకంలో శకుంతల, చెలికత్తెలు మొక్కలకు నీరు పోస్తారు. మామిడిని అల్లుకున్న నవమాలికకు శకుంతల వనజ్యోత్స్న అని పేరు పెట్టింది. ఆ తీగ మామిడికి స్వయంవర వధువు. నాలుగో అంకంలో కణ్వుడు ఆశ్రమ వృక్షాలకు ఆమె ప్రయాణాన్ని తెలియజేస్తూ, అలంకారాలంటే ఇష్టమున్నా స్నేహం కొద్దీ ఆమె ఒక్క చిగురునూ తుంచలేదని గుర్తు చేస్తాడు. నీరు పోయడం ప్రేమ. చిగురు తుంచకపోవడం అంతకు మించిన ప్రేమ. ఈ విలువల క్రమంలో కత్తికి చోటు లేదు.

ఇందుకు మూలకారణం తీగకూ స్త్రీకీ మధ్య కవులు స్థిరపరచిన అభేదం. లతాంగి, తీగబోడి, పూబోడి వంటి పదాలు తెలుగు కావ్యభాషలో స్త్రీకి పర్యాయాలుగానే నిలిచాయి. చెట్టును అల్లుకున్న తీగ దాంపత్యానికి, చెట్టు కూలిన తీగ వియోగానికి సంకేతం. ఈ సంకేత వ్యవస్థలో తీగను కోయడమంటే స్త్రీని హింసించడమే అవుతుంది. పూలు కోయడం మాత్రం శృంగార క్రీడగా ఆమోదం పొందింది. పూలు కోసే స్త్రీకి మేఘసందేశంలో కాళిదాసు వాడిన ‘పుష్పలావి’ పదం ‘లూ’ ధాతువు నుంచి వచ్చింది. ఆ ధాతువుకు కోయడం, ఛేదించడం అని అర్థం. కొడవలిని చెప్పే ‘లవిత్రం’ కూడా దాని నుంచే పుట్టింది. పదం లోపల కోత ఉన్నా కావ్యం దానిని సుకుమారమైన వేళ్ల కదలికగానే చూపింది.

తెలుగు కావ్యాల ఇతివృత్తాలు కూడా ఇదే దిశను సూచిస్తాయి. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఒక పువ్వు కలహానికి కారణమైతే, పరిష్కారంగా కృష్ణుడు చెట్టునే పెకలించి తెచ్చి సత్యభామ పెరట్లో నాటాడు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తునికి గోద తులసి వనంలో లభించింది. కథ మొత్తం ఆమె ధరించి విడిచిన మాల చుట్టూ తిరుగుతుంది. ఒకచోట తోట పువ్వుగా, మరొకచోట మాలగా పర్యవసించింది. మన భాషలో తోటను పెంచేవాడికి స్థిరపడిన పేరు ‘తోటమాలి’. ఇందులోని ‘మాలి’ సంస్కృత మాలా శబ్దం నుంచి వచ్చింది. దాని మొదటి అర్థం మాలలు కట్టేవాడు. మొక్కకు చేసిన సేవను బట్టి కాక, దాని నుంచి తీసుకొన్న పువ్వును బట్టి ఆ వృత్తికి పేరు ఏర్పడింది.

అయితే కావ్యోద్యానంలో కత్తి కనిపించకపోయినా కత్తి చేసిన పని కనిపిస్తూనే ఉంటుంది. ఉత్తరమేఘంలో యక్షుని ఇంటి తోటలోని మాధవీ మండపానికి కురవకం కంచెగా ఉంది. పొద కంచెగా నిలవాలంటే దానిని ఒక వరుసలో నిలిపి అదుపు చేయాలి. తీగ మండపం కావాలంటే దానిని పాకించి, మళ్లించి, దారి తప్పిన రెమ్మలను తొలగించాలి. తెలుగు ‘పొదరిల్లు’ కూడా అంతే. అది అడవిలో తనంతట తానుగా ఏర్పడవచ్చు. రాజోద్యానంలో దాని వెనుక ఒక చేయి ఉండక తప్పదు. కవి ఇంటిని వర్ణించి, కట్టినవాడిని వదిలివేశాడు.

దోహదం: కత్తికి ప్రత్యామ్నాయమైన కల్పన

మొక్కను పూయించడానికి మనిషి ఏదో చేయాలన్న ఎరుక కవులకు లేకపోలేదు. దానిని వారు దోహదమనే కవిసమయంగా మలచుకున్నారు. గర్భిణి కోరికకు పేరైన దోహదం, చెట్టు పూయడానికి కోరే ప్రత్యేక సేవకు పేరైంది. స్త్రీ పాదతాడనం వల్ల అశోకం, ఆమె పుక్కిటి మద్యం వల్ల వకుళం పూస్తాయి. మాళవికాగ్నిమిత్రం మూడో అంకంలో రాణి ధారిణి కాలికి దెబ్బ తగలడంతో అశోక దోహదం మాళవిక వంతు అవుతుంది. కథ మలుపు తిరగడానికి అదే కారణం.

హర్షుని (పాలన 606–647) రత్నావళి రెండో అంకంలోని దోహదం తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా ఆసక్తికరం. శ్రీపర్వతం నుంచి వచ్చిన శ్రీఖండదాసుడనే ధార్మికుని వద్ద రాజు అకాలంలో పూలు పూయించే దోహదాన్ని నేర్చుకొని, తన నవమాలికను పూయించబోతున్నాడని అక్కడి సంభాషణ చెబుతుంది. శ్రీపర్వతాన్ని శ్రీశైలంగా గాని, నాగార్జునకొండ ప్రాంతంగా గాని పండితులు గుర్తించారు. రెండూ తెలుగు దేశంలోనివే. శ్రీపర్వతానికి సిద్ధులు, మంత్రసాధకుల నెలవుగా సంస్కృత సాహిత్యంలో ప్రసిద్ధి ఉంది గనుక ఈ ప్రస్తావన అద్భుత విద్యను ఉద్దేశించినదే. దీనిని తోటపనికి చారిత్రక సాక్ష్యంగా స్వీకరించడం తగదు. నాటకం ప్రక్రియను వివరించలేదు. కాని మల్లె జాతి తీగను కాలం కాని కాలంలో పూయించడం సాధ్యమనీ, అది ఒకరి వద్ద నేర్చుకోవలసిన విద్య అనీ నాటి ప్రేక్షకులకు అర్థమయ్యే భావన అని మాత్రం ఈ ఘట్టం నిరూపిస్తుంది.

నేటి తెలుగులో ‘దోహదం’ గర్భిణి కోరికనూ, చెట్టు కోరికనూ దాటి ‘తోడ్పాటు’ అనే సామాన్యార్థంలో స్థిరపడింది. పత్రికా భాషలో ఏది దేనికైనా దోహదం చేస్తుంది. ఈ అర్థ విస్తరణకు మూలంలో ఉన్న తోట మాత్రం వాడేవారి స్పృహలో లేదు.

తోటలోని విద్య

కావ్యాలు దోహదమన్న చోట తోటల్లో ఏం జరుగుతుందో చూడాలి. తెలుగు ప్రాంతాల్లో గుండుమల్లె సాగులో ఎన్టీఆర్ జిల్లా మైలవరం వంటి చోట్ల పేరుంది. వాన వెనుకబట్టిన తరువాత మల్లె తోటకు నీరు తగ్గించి మొక్కను ఎండగడతారు. ఆకు దూస్తారు; కొన్ని చోట్ల గొర్రెలను వదిలి మేపుతారు. చలికాలంలో ఎండు కొమ్మలు, పెనవేసుకున్న కొమ్మలు తీసివేసి, మిగిలినవాటిని నేల నుంచి ఇంచుమించు 45–50 సెంటీమీటర్ల ఎత్తులో కోస్తారు. ఆ తరువాత పశువుల ఎరువు వేసి నీరు పెడతారు. ఫాల్గుణ చైత్రాల నాటికి తోట పూతకు వస్తుంది.

ఇందులోని కారణం స్పష్టమైనది. గుండుమల్లె ఆ ఏడు వచ్చిన కొత్త రెమ్మల కొసల్లో పూస్తుంది. కోయని పొద పాత కట్టెను మోస్తూ కొద్ది రెమ్మలనే వేస్తుంది. కొమ్మ కొసను తీసివేస్తే, అంతవరకు కొసమొగ్గ అదుపులో నిద్రించిన పక్క మొగ్గలు మేలుకొంటాయి. ఒక కొస స్థానంలో అనేక కొసలు ఏర్పడతాయి. కొసలు ఎన్నైతే మొగ్గలు అన్ని. వసంత వర్ణనల్లో కవులు మలయమారుతానికీ, మన్మథునికీ ఆపాదించిన మల్లెల సమృద్ధి, సాగు తోటలో పుష్యమాసపు కత్తికి కూడా రుణపడి ఉంది.

ద్రాక్ష మరింత సూక్ష్మమైన ఉదాహరణ. చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతకాలంలో ఆకు రాల్చి విశ్రమిస్తుంది. అప్పుడు ఒకసారి కోస్తే చాలు. దక్కనులో అది ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. అందువల్ల అనాబ్-ఎ-షాహీ రకానికి ప్రసిద్ధి పొందిన హైదరాబాద్ పరిసరాల పందిరి తోటల్లో రెండు కత్తిరింపుల పద్ధతి ఏర్పడింది. ఏప్రిల్ ప్రాంతంలో కొమ్మలను ఒకటి రెండు కణుపులు మాత్రమే మిగిల్చి కోస్తారు. ఆ కణుపుల నుంచి వచ్చిన కొత్త కొమ్మల మొగ్గల్లోనే వేసవిలో పూగుత్తి రూపుదిద్దుకుంటుంది. అక్టోబర్‌లో ఆ ముదిరిన కొమ్మలను, రకాన్ని బట్టి గుత్తి ఉన్న కణుపు దగ్గర, మళ్లీ కోస్తారు. మొదటి కోత కొమ్మ కోసం, రెండో కోత కాయ కోసం. రెండో కోతలో కణుపు లెక్క తప్పితే ఆకులు తప్ప గుత్తులు రావు. కంటికి కనిపించని గుత్తి ఏ కణుపులో ఉందో తెలిసిన విద్య ఇది.

తమలపాకు తోట మూడో దారిని చూపుతుంది. అవిసె చెట్లకు పాకించిన తీగ చేతికి అందనంత పెరిగినప్పుడు దానిని కోసి పారవేయరు. కట్లు విప్పి కిందికి దించి, పాత కాండాన్ని మొదట్లో చుట్టగా చుట్టి మట్టి కప్పుతారు. కణుపుల దగ్గర కొత్త వేళ్లు పుట్టి తీగ మళ్లీ లేతదవుతుంది. కత్తి పడేది అవిసె తలలపై. నీడ మితిమీరకుండా వాటిని నరుకుతారు. తీగను దించడం, ఆధారాన్ని కోయడం అనే ఈ వివేచన ‘తీగ, చెట్టు’ అనే కావ్య దాంపత్యానికి పూర్తిగా తలకిందులైన రూపం. కావ్యంలో చెట్టు కూలితే తీగ వాడుతుంది. ఆకుతోటలో తీగ బాగుండడానికే చెట్టు తల కోల్పోతుంది.

ఈ పనులకు తెలుగులో క్రియాపదాల సంపద ఉంది. గిల్లు, చిదుము, తుంచు, దూయు, కోయు, కత్తిరించు, నరుకు, కొట్టు అనేవి పర్యాయాలు కావు. గోరు చాలిన చోట గిల్లుతారు. వేళ్లతో విరిచే లేత రెమ్మను తుంచుతారు. కొమ్మ వెంట చేయి జార్చి ఆకు దూస్తారు. ముదురు కట్టెను నరుకుతారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా రానివ్వకూడదన్న సామెత ఈ తరతమ భేదం నుంచే అర్థవంతమవుతుంది. లేతనాడు గిల్లని కొమ్మ ముదిరిన తరువాత పెద్ద గాయం చేస్తే తప్ప పోదు. అర్థశాస్త్రంలోని 6, 12, 24 పణాల క్రమం, ఈ సామెత ఒకే అనుభవానికి రెండు ముఖాలు. కౌటిల్యుడు దానిని దండనగా లెక్కించాడు; జానపదుడు హితవుగా చెప్పాడు.

ఆధునిక కవిత్వంలో కోత

కోత పట్ల కావ్య సంప్రదాయం చూపిన విముఖత ఆధునిక కాలంలో నైతిక వాదంగా మారింది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912–1992) ఉదయశ్రీలోని పుష్పవిలాపం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పూజ కోసం పూలు కోయబోయిన వ్యక్తితో పూలే తమ వేదనను చెప్పుకుంటాయి. ఘంటసాల గానంతో ఆ ఖండిక పండితుల పరిధిని దాటి ఇంటింటికీ చేరింది. కణ్వుని మాటల్లో శకుంతల గుణంగా ఉన్నది ఇక్కడ మనిషి జాతి మొత్తంపై అభియోగంగా మారింది. పూలను కోయడం శృంగార క్రీడ అన్న ప్రబంధ దృష్టిని ఈ కవిత తిరస్కరించింది. తీగ కోమల స్త్రీ అన్న దృష్టిని మాత్రం పువ్వుకు అన్వయించి కొనసాగించింది.

ఈ కరుణను తక్కువ చేయనవసరం లేదు. అయితే కోత అంటే హింస మాత్రమేనన్న భావన తెలుగు పాఠకుల మనస్సులో ఇంత బలంగా నాటుకోవడానికి సుదీర్ఘమైన సాహిత్య చరిత్ర ఉన్నదన్న సంగతి గుర్తించాలి. కోసినందుకే మళ్లీ చిగురించి పూసే మల్లె అనుభవం తోటలో నిత్య సత్యమైనా, కావ్య సంప్రదాయంలో దానికి ప్రతీక ఏర్పడలేదు. మొక్కకు సంబంధించిన ఉపమానాలన్నీ తోటను చూసేవారి నుంచి వచ్చాయి. తోటలో పనిచేసేవారి నుంచి రాలేదు.

పరిశోధనకు సూచన

పై పరిశీలన వల్ల రెండు నిర్ణయాలు తేలుతున్నాయి. మొదటిది, కావ్యంలోని ఉద్యాన వర్ణన ఉద్యాన విజ్ఞానానికి నేరుగా సాక్ష్యం కాదు. మొక్కల పేర్లు కావ్యంలో ఉండడానికీ, కత్తి లేకపోవడానికీ కారణం ఒకటే: వర్ణనా నియమం, తీగను స్త్రీగా భావించిన సంకేత వ్యవస్థ. పేర్ల పట్టికతో తోట చరిత్ర పూర్తయిందనుకుంటే, కవి వదిలివేసిన శ్రమను పరిశోధకుడు కూడా వదిలివేసినట్లవుతుంది. మండపం, కంచె, పొదరిల్లు వంటి నిర్మిత రూపాలను ఆ దృష్టితో తిరిగి చదవవలసి ఉంది.

రెండోది, కత్తిరింపు విద్య ప్రధానంగా వాగ్రూపంలో, చేతి అలవాటులో బతికింది. దాని ఆధారాలు గ్రంథాల కంటే వృత్తి పదజాలంలో ఎక్కువగా లభిస్తాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించడం ఈ దిశలో మార్గదర్శకం. అదే పద్ధతిలో మల్లె తోటలు, ద్రాక్ష పందిళ్లు, ఆకుతోటలు, కడియం నర్సరీల పదాలను ప్రాంతాల వారీగా సేకరించాలి. ఏ కోతకు ఏ మాట, ఏ కణుపుకు ఏ పేరు, కోసిన తరువాత వచ్చే తొలి చిగురును ఏమంటారు అన్నవి అడిగి నమోదు చేయవలసిన ప్రశ్నలు. యంత్రపు కత్తెరలు వచ్చి చేతి పని తీరు మారుతున్నకొద్దీ, ఆ పనితో పుట్టిన మాటలు వాడుక నుంచి తొలగిపోతాయి. కావ్యాలు వాటిని దాచి పెట్టలేదు గనుక, తోటలో పనిచేసేవారి నోట ఉన్నంతకాలమే అవి దొరుకుతాయి.